పోకర్ ఆడి సంసారం నడిపిన ఏళ్లు

విజయవాడలో పుట్టి పెరిగినవాడు పోకర్ ఆడి బతుకుతున్నానని చెబితే, వినేవారికి ముందుగా గుర్తుకొచ్చేది సంక్రాంతి బరుల పక్కన గుడారాల్లో సాగే కోతాట, లేదా పోలీసులు దాడి చేసి పట్టుకున్న నగదునూ పేకముక్కలనూ బల్ల మీద పరిచి, పట్టుబడినవారిని వెనక వరుసగా నిలబెట్టి తీయించిన జిల్లా పేజీ ఫొటో. అలా అనుకోవడంలో వారి తప్పేమీ లేదు. మన ప్రాంతంలో పేకముక్కలు సంసారాలను ముంచడం అందరూ చూసిందే, నిలబెట్టడం చూసినవారు అరుదు. అయినా నేను కొన్నేళ్లపాటు ఈ ఆట ఆడి ఇంటద్దె కట్టాను, ప్రతి ఏటా ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేశాను, చెల్లెలి పెళ్లికి నా వంతు సొమ్ము సర్దాను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టంతో ఆ వృత్తి ఆ రూపంలో ముగిసింది. అది ఎలా మొదలైంది, రోజువారీగా ఎలా సాగింది, దానిలో నిజంగా కష్టమైనది ఏమిటి అన్నది తెలుగులో ఎక్కడా వివరంగా కనబడలేదు కనుక రాస్తున్నాను.

కానూరు వైపు ఇంజనీరింగు చదువుతున్న రోజుల్లో హాస్టల్లో మూడు ముక్కలాట సాగుతుండేది. దాని మీద నాకు ఆసక్తి కలగలేదు. పోకర్ వైపు నన్ను తిప్పింది 2003 నాటి ఒక అమెరికన్ అకౌంటెంటు ఉదంతం. క్రిస్ మనీమేకర్ అనే ఆయన ఇంటర్నెట్‌లో 86 డాలర్ల చిన్న పోటీలో నెగ్గి, దాని ద్వారా లాస్ వెగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో ప్రవేశం పొంది, 25 లక్షల డాలర్ల మొదటి బహుమతి గెలుచుకున్నాడు. ఆ పోటీకి నేరుగా వెళితే ప్రవేశ రుసుము 10,000 డాలర్లు. అందరూ ఆయన అదృష్టం గురించి మాట్లాడుకున్నారు. ఒక అకౌంటెంటు చేత అయిన ఆటలో లెక్క ఎంత ఉందో తెలుసుకోవాలని నాకు అనిపించింది.

ఆట తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఎక్కువగా ఆడేది టెక్సాస్ హోల్డెమ్ అనే రకం. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. ఆ తర్వాత బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా ముందు మూడు ముక్కలు, తర్వాత ఒకటి, చివరగా మరొకటి తెరుస్తారు. వాటిని వరుసగా ఫ్లాప్, టర్న్, రివర్ అంటారు. ఈ ఏడు ముక్కల్లోంచి ఎవరికి మేలైన అయిదు ముక్కల జట్టు కుదిరితే వారిది గెలుపు. ముక్కలు పంచాక ఒకసారి, ఆపైన ప్రతి దశలోనూ మరోసారి పందెం కాయవచ్చు, ఎదుటివాడి పందేనికి సమానంగా పెట్టవచ్చు (దీన్ని కాల్ చేయడం అంటారు), పెంచవచ్చు, లేదా ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. కోతాటలో పందెం కాసిన తర్వాత మనిషి చేయగలిగింది ఏమీ ఉండదు. ఇక్కడ తప్పుకునే హక్కు చివరి క్షణం దాకా ఆటగాడి చేతిలోనే ఉంటుంది. తొమ్మిదిమంది కూర్చున్న బల్ల దగ్గర నిలకడగా గెలిచేవారు అయిదు హ్యాండ్లలో, అంటే ముక్కలు పంచడం నుంచి గెలుపు తేలేదాకా సాగే విడతల్లో, సుమారు నాలుగింటిని మొదట్లోనే వదిలేస్తారు. ఇంకొక తేడా కూడా ఉంది. ఇక్కడ ఆడేది తోటి ఆటగాళ్లతో, నిర్వాహకుడితో కాదు. నిర్వాహకుడు పాట్‌లోంచి, అంటే బల్ల మధ్య పోగైన పందేల సొమ్ములోంచి, రేక్ పేరుతో కొంత శాతం మినహాయించుకుంటాడు. అందువల్ల అందరి గెలుపోటములూ కలిపి చూస్తే ఆటగాళ్లు ఎప్పుడూ నష్టంలోనే ఉంటారు, ఆ రేక్‌ను మించి నైపుణ్యం ఉన్న కొద్దిమందికే ఏడాది చివర ఏమైనా మిగులుతుంది. ఈ విషయాన్ని దాచి పోకర్ గురించి మాట్లాడేవారిని నేను నమ్మను.

నా చదువు సంభావ్యతతో మొదలైంది. 52 ముక్కల పేకలోంచి రెండు ముక్కలు 1,326 రకాలుగా రావచ్చు. ఏ రంగు అన్నది పక్కన పెట్టి, రెండు ముక్కలూ ఒకే రంగువా కాదా అన్నది మాత్రం చూస్తే అవి 169 రకాలకు కుదురుతాయి. రెండు ఆసులు చేతికి రావడం సగటున 221 హ్యాండ్లకు ఒకసారి. రెండు ఆసులు ఉన్నవాడు రెండు రాజులు ఉన్నవాడితో మొత్తం సొమ్ము పెట్టి తలపడితే నూటికి సుమారు 82 సార్లు గెలుస్తాడు, 18 సార్లు ఓడిపోతాడు. ఈ అంకెలు కంఠతా పట్టడం కొన్ని వారాల పని. వాటితో నిర్ణయం తీసుకోవడం నేర్చుకోవడానికి ఏళ్లు పట్టింది.

ఒక ఉదాహరణ వివరంగా చెబితే తప్ప ఈ వృత్తి మనసుకు ఎందుకంత భారమో బోధపడదు. నా చేతిలో రెండు ఇస్పేటు ముక్కలు ఉన్నాయి, ఫ్లాప్‌లో మరో రెండు ఇస్పేట్లు పడ్డాయి అనుకుందాం. ఇంకొక ఇస్పేటు పడితే అయిదూ ఒకే రంగువై నా జట్టు దాదాపుగా గెలిచినట్లే. నాకు కనబడని ముక్కలు 47, వాటిలో ఇస్పేట్లు 9. టర్న్, రివర్ రెండూ తెరిచేలోగా కనీసం ఒక ఇస్పేటు పడే అవకాశం సుమారు 35 శాతం. పాట్‌లో వెయ్యి రూపాయలు ఉండగా ఎదుటివాడు తన దగ్గర మిగిలిన 500 రూపాయలనూ ముందుకు తోశాడు. నేను 500 పెడితే గెలుచుకునేది 1,500. నూరుసార్లు ఇదే సందర్భం వస్తే 35 సార్లు 1,500 చొప్పున 52,500 రూపాయలు వస్తాయి, 65 సార్లు 500 చొప్పున 32,500 పోతాయి. మిగులు 20,000, అంటే ఒక్కొక్క నిర్ణయానికి సగటున 200 రూపాయల లాభం. కాబట్టి పెట్టడమే సరైన పని, అయితే ఆ సరైన పని చేసిన ప్రతి వందసార్లలో 65 సార్లు నేను ఓడిపోయి, నా సొమ్ము ఎదుటివాడు తన వైపు లాక్కోవడం చూస్తూ కూర్చోవాలి. చిన్నప్పటి నుంచి పరీక్షలో జవాబు ఒప్పయితే మార్కు వస్తుందని నేర్చుకున్న బుర్రకు, ఒప్పు జవాబుకే ఎక్కువసార్లు సున్నా పడే ఈ పద్ధతి ఒంటబట్టడం చాలా కష్టం.

దీనికి మించిన కష్టం ఇంకొకటి ఉంది. తాను మంచి ఆటగాడా కాదా అన్నది ఆడేవాడికే త్వరగా తెలియదు. వంద హ్యాండ్లకు సగటున అయిదు బిగ్ బ్లైండ్లు గెలవగల ఆటగాడిని తీసుకుందాం, ఇది మంచి ఆటగాడి రాబడే. బిగ్ బ్లైండ్ అంటే ప్రతి హ్యాండ్‌లోనూ వంతుల వారీగా ఒక ఆటగాడు ముక్కలు చూడకముందే తప్పనిసరిగా పెట్టవలసిన పందెం. ఆటలో లాభనష్టాలను కొలిచేది దానితోనే. వంద హ్యాండ్లకు ఫలితాల్లో హెచ్చుతగ్గుల ప్రమాణ విచలనం 90 బ్లైండ్ల దగ్గర ఉంటుంది. ఈ రెండు అంకెలతో లెక్క కడితే పదివేల హ్యాండ్లు ఆడిన తర్వాత కూడా అలాంటి మంచి ఆటగాడు నష్టంలో ఉండే అవకాశం సుమారు 29 శాతం. ఎదురెదురుగా కూర్చుని ఆడే బల్ల దగ్గర గంటకు పాతిక, ముప్పయి హ్యాండ్లకు మించి సాగవు కనుక, పదివేలు పూర్తి కావడానికి మూడు, నాలుగు వందల గంటలు పడుతుంది. లక్ష హ్యాండ్ల దగ్గరికి వస్తే గానీ ఆ అవకాశం నాలుగు శాతానికి దిగదు. అందుకే ఈ వృత్తిలోకి వచ్చేవారు ఆన్‌లైన్‌లో ఒకేసారి నాలుగు బల్లల మీద ఆడేవారు. ఆత్రంతో అలా ఆడుతున్నారని బయటివారు అనుకునేవారు గానీ, తమ గురించి నిజం తెలుసుకోవడానికి వారికి అంతకంటే దగ్గరి దారి ఉండేది కాదు.

ఈ అనిశ్చితిలో నన్ను నిలబెట్టింది మా నాన్నగారి దగ్గర చూసిన పద్దుల అలవాటు. ఆయన వన్‌టౌన్‌లో ఒక టోకు బట్టల దుకాణంలో గుమాస్తాగా పనిచేశారు. ఏ రోజు చిట్టా ఆ రోజే రాసి, ఆవర్జాలోకి ఎక్కించి, నిల్వ సరిపోతే గానీ ఇంటికి వచ్చేవారు కాదు. నేను ఈ ఆట ఆడుతున్నానని తెలిసినప్పుడు ఆయన కోప్పడలేదు. చాలాసేపు ఊరుకుని ఒక్క మాట అడిగారు: “ఏరా, దుకాణం సొమ్మూ ఇంటి సొమ్మూ ఒకే డ్రాయరులో వేసుకుని నిలబడ్డ వ్యాపారి ఎవరైనా ఉన్నాడా?” పోకర్ పుస్తకాల్లో బ్యాంక్‌రోల్ నిర్వహణ పేరుతో చెప్పేది సరిగ్గా అదే. ఆటకు పెట్టే సొమ్ము వేరు, ఇంటి ఖర్చు వేరు. నేరుగా డబ్బుతో ఆడే క్యాష్ గేమ్‌లో ఒక్కసారి కూర్చోవడానికి కావలసిన బై-ఇన్‌కు కనీసం ముప్పయి రెట్లు, టోర్నమెంట్లకైతే వంద రెట్లకు తక్కువ కాకుండా నిధి ఉండాలని, అది తరిగితే వెంటనే చిన్న బల్లకు దిగిపోవాలని నియమం పెట్టుకున్నాను. ఏడాది ఇంటి ఖర్చు ఇంకొక బ్యాంకు ఖాతాలో ఉండేది, దానిని ఆట కోసం ముట్టుకోలేదు. ప్రతి రాత్రి ఎన్ని గంటలు ఆడాను, ఏ బల్ల, ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఏ నిర్ణయం మీద అనుమానం మిగిలింది అన్నవి పద్దు రాసిన తర్వాతే పడుకునేవాడిని. నెలకొకసారి ఆ పద్దు నాన్నగారు చూసేవారు. ఆట నియమాలు ఆయనకు తెలియవు, కానీ ఏ నెలలో నా గంటలు పెరిగి రాబడి తగ్గిందో చూడగానే పట్టేసి, “అలిసిపోయి కూర్చున్నావు, ఆ వారం చూడు” అనేవారు, చాలాసార్లు ఆయన చెప్పిందే నిజమయ్యేది.

2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని ఆర్డినెన్సు ద్వారా సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. తెలంగాణ ఆ పని 2017లోనే చేసింది. నిషేధం తర్వాత మన రాష్ట్రంలో ఉండి ఆడడం కుదరదు కనుక బెంగళూరుకు మారాను. దొంగదారిన లొకేషన్ మార్చి ఇంట్లోనే కూర్చుని ఆడేవారు కొందరు ఉండేవారు. చట్టానికి వెరచి బతికే పని వృత్తి అనిపించుకోదని నేను ఆ దారికి పోలేదు. బెంగళూరు చేరిన కొంతకాలానికే, 2021 అక్టోబరులో, కర్ణాటక కూడా అలాంటి సవరణే తెచ్చింది. దానిని 2022 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర హైకోర్టు కొట్టివేసింది. ఆ మధ్య నెలలు గోవాలో గడిపాను. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది, ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసినదే. పోకర్ విషయంలో మాత్రం అంత స్పష్టత ఎన్నడూ రాలేదు. గుజరాత్ హైకోర్టు 2017లో దానిని జూదంగానే పరిగణించింది. రాష్ట్రం మారితే వృత్తి నేరమయ్యే పరిస్థితిలో ఇల్లు, స్నేహాలు, పెళ్లి మాటలు అన్నీ తాత్కాలికంగానే ఉంటాయి.

బెంగళూరులో నా దినచర్య చూసినవారు ఇందులో ఉత్సాహపడవలసింది ఏముందని అడిగేవారు. పగలు రెండు, మూడు గంటలు చదువు. సాల్వర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ముందురోజు నాకు అనుమానం మిగిలిన హ్యాండ్లు ఎక్కించి, ఏ ముక్కలతో ఎంత తరచుగా పందెం పెంచాలో, ఎప్పుడు తప్పుకోవాలో పరిశీలించేవాడిని. సాయంత్రం నడక, తొందరగా భోజనం. ఔత్సాహికులు ఆఫీసుల నుంచి వచ్చి బల్లల మీదికి చేరేది రాత్రి తొమ్మిది తర్వాత కనుక ఆట అర్ధరాత్రి దాటేది. మాతో చదివే బృందంలో గుంటూరు నుంచి వచ్చిన ఒక అన్న ఉండేవాడు, మా అందరికంటే అనుభవజ్ఞుడు. ఎవరైనా ఒక హ్యాండ్ చెబుతూ చివర్లో ఏ ముక్క పడి ఓడిపోయారో వాపోతుంటే, “తమ్ముడూ, రివర్‌లో ఏం పడిందో నాకొద్దు, టర్న్ మీద ఎందుకు కాల్ చేశావో చెప్పు” అని ఆపేవాడు. దెబ్బ తగిలిన కోపంలో వరుసగా తప్పుడు పందేలు కాయడాన్ని ఈ ఆటలో టిల్ట్ అంటారు. దానికి మందుగా ఆయన పెట్టిన నియమం, మూడు బై-ఇన్లు పోతే ఆ రాత్రికి లేచిపోవడం. గెలుస్తున్నప్పుడు కూడా ముందే అనుకున్న సమయానికి లేవడం అంతకంటే కష్టమని ఆయనే చెప్పేవాడు, నా అనుభవమూ అదే.

నిధి చాలని ఆటగాళ్లు స్టేకింగ్ కింద ఆడతారు. పెట్టుబడిదారు ప్రవేశ రుసుములన్నీ భరిస్తాడు, లాభం వస్తే సాధారణంగా సగం తీసుకుంటాడు. నష్టం వస్తే అది మేకప్ పేరుతో ఆటగాడి ఖాతాలో పేరుకుంటుంది, దానిని తీర్చేదాకా వచ్చిన గెలుపంతా పెట్టుబడిదారుకే పోతుంది. కొందరికి ఇది మొదటి మెట్టు, కొందరికి ఏళ్ల తరబడి తీరని బాకీ. నేను ఈ పద్ధతిలోకి వెళ్లకపోవడానికి కారణం ధైర్యం కాదు, బాకీ ఉన్నవాడి చేత నిర్ణయాలు సరిగా సాగవని వన్‌టౌన్‌లో చాలామంది చిన్న వర్తకులను చూసి ఉండడమే.

గోవా టోర్నమెంట్ల గురించి కొంత చెప్పాలి. 1976 నాటి గోవా చట్టానికి తర్వాత చేసిన సవరణల వల్ల అక్కడ కేసినోలకు అనుమతి ఉంది. పణజీలో మాండవి నది మీద నిలిచి ఉండే ఓడల్లోనే వాటిలో పెద్దవి నడుస్తాయి. పోటీ మధ్యాహ్నం మొదలైతే రాత్రి రెండు, మూడు గంటల దాకా సాగుతుంది, మిగిలినవారు మరుసటి రోజు మళ్లీ కూర్చుంటారు. పాల్గొన్నవారిలో నూటికి పది నుంచి పదిహేను మందికే బహుమతి దక్కుతుంది, అందులోనూ కిందిస్థాయి బహుమతి ప్రవేశ రుసుముకు రెండు రెట్ల లోపే ఉంటుంది, సొమ్మంతా చివరి బల్ల దగ్గర ఉంటుంది. అంటే మంచి ఆటగాడు కూడా ఎక్కువ పోటీల నుంచి వట్టి చేతులతోనే గదికి వస్తాడు. బహుమతుల గీతకు ఇంకొక్కరో ఇద్దరో దూరంలో ఉన్నప్పుడు, దానిని బబుల్ అంటారు, బల్ల దగ్గర ఊపిరి తీయడం కూడా వినబడేంత నిశ్శబ్దం ఉంటుంది. నా దగ్గర ఒక మోస్తరు సంఖ్యలో చిప్పులు (పందేనికి వాడే బిళ్లలు) ఉండగా ఆసు, రాణి వచ్చి, నాకంటే చాలా ఎక్కువ చిప్పులున్నవాడు సర్వం ముందుకు తోస్తే, మామూలు సమయంలో సంతోషంగా ఎదుర్కొనే ముక్కలనే అక్కడ పడేయవలసి ఉంటుంది. పోగొట్టుకునే చిప్పుల విలువ గెలుచుకునే చిప్పుల విలువకంటే ఎక్కువైన ఘడియ అది. భారతీయులు ఈ ఆటలో ఎంత దూరం వెళ్లగలరో తెలియాలంటే సంతోష్ సువర్ణ పేరు చాలు. 2024లో లాస్ వెగాస్‌లో రెండున్నర లక్షల డాలర్ల ప్రవేశ రుసుము ఉన్న పోటీని ఆయన గెలిచి 54 లక్షల డాలర్లకు పైగా అందుకున్నాడు.

పన్నుల సంగతి ఈ వృత్తిలోకి రాదలచినవారు ముందుగా చదవవలసిన పాఠం. పేకాట గెలుపు మీద 30 శాతం, దాని మీద సెస్సు. ఎదురుగా కూర్చుని ఆడే ఆటల్లో చట్టం ప్రకారం ఖర్చులనూ ఇతర పోటీల్లో పోయిన సొమ్మునూ మినహాయించుకునే వీలు లేదు. ఏడాదిలో బహుమతులుగా పది లక్షలు వచ్చి, నెగ్గని పోటీల ప్రవేశ రుసుములకు ఎనిమిది లక్షలు పోయాయి అనుకుంటే నిజమైన మిగులు రెండు లక్షలు, పన్ను మాత్రం పది లక్షల మీద మూడు లక్షల పన్నెండు వేలు. ఆన్‌లైన్ ఆటలకు 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపు మీద పన్ను అన్న విధానం వచ్చి కొంత ఊరట కలిగింది. అదే ఏడాది అక్టోబరు నుంచి జమ చేసే మొత్తం సొమ్ము మీద 28 శాతం జీఎస్టీ వచ్చింది. వంద రూపాయలు జమ చేస్తే అందులో దాదాపు 22 రూపాయలు పన్నే. కొంతకాలం నిర్వాహక సంస్థలు బోనస్ రూపంలో దానిని భరించాయి గానీ ఔత్సాహికులు తగ్గి, బల్లల మీద నాలాంటివారే ఎదురెదురుగా మిగలడం అప్పటి నుంచే మొదలైంది.

రిటర్నులన్నీ సక్రమంగా ఉన్నా, ఇంటి రుణం కోసం వెళ్లిన ఒక బ్యాంకులో ఆదాయ మార్గం చూసి కాగితాలు మర్యాదగా తిరిగి ఇచ్చారు. పెళ్లిచూపుల్లో అబ్బాయి ఏం చేస్తాడన్న ప్రశ్నకు అమ్మ కంప్యూటర్ పని అని చెప్పబోతే నేనే ఆపి ఉన్నది ఉన్నట్లు చెప్పాను. కొన్ని సంబంధాలు అక్కడే ఆగాయి. నా భార్య తరఫువారు మాత్రం మూడేళ్ల పద్దులు చూపించమన్నారు, చూపించాను. మామగారు అంకెలన్నీ చదివి, గెలిచిన నెలల గురించి ఏమీ అడగకుండా, వరుసగా నష్టపోయిన నెలల్లో ఇల్లు ఎలా గడిచిందని అడిగారు. ఈ వృత్తి గురించి నన్ను ఎవరైనా అడిగిన ప్రశ్నల్లో అంత సరైనది ఇంకొకటి లేదు.

2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆన్‌లైన్ గేమింగ్ బిల్లును ఆమోదించాయి, 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట నైపుణ్యానిదైనా అదృష్టానిదైనా ఆ చట్టం తేడా చూపకుండా నిషేధించింది. ఆడేవారికి శిక్ష లేదు. ఆటను అందించేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉండవచ్చు. కొద్ది రోజుల్లోనే బల్లలన్నీ మూతపడ్డాయి. నా ఖాతాలోని సొమ్ము పైసాతో సహా బ్యాంకుకు తిరిగి వచ్చింది. చట్టం వెనక ఉన్న బాధను నేను కాదనను. అప్పులు చేసి ఆడి, కుటుంబాలను రోడ్డున పడేసి, ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు మన జిల్లాల నుంచే వచ్చాయి. ఎన్నేళ్లు పద్దులు రాసి ఆడినా, నేను గెలిచిన సొమ్ములో కొంత అలా ఆపుకోలేక ఆడినవారి దగ్గర నుంచే వచ్చి ఉంటుందన్న ఆలోచన నన్ను వదలలేదు. దానికి తగిన మందు పరిమితులూ పర్యవేక్షణా అయి ఉండవలసిందని నా అభిప్రాయం.

బృందంలో కొందరు విదేశాలకు వెళ్లారు, గుంటూరు అన్న తన ఊరికి తిరిగి వెళ్లి వ్యాపారంలో దిగాడు. నేను ఇప్పుడు విజయవాడలోనే ఉండి ఒక సంస్థకు డేటా విశ్లేషణ పని చేస్తున్నాను. సంభావ్యతతో గడిపిన ఏళ్లు ఆ పనికి నేరుగా అక్కరకు వచ్చాయి. గోవా పోటీలను పూర్తిగా మానలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి కేసినోల మీద జీఎస్టీ 40 శాతానికి పెరిగింది కనుక ఏ పోటీకి వెళ్లవచ్చు, దేనికి వెళ్లకూడదు అన్న లెక్క మళ్లీ మొదటి నుంచి కట్టవలసి వచ్చింది, చాలా పోటీలు ఆ లెక్కకు నిలవలేదు. నిలిచిన ఒకటి రెండింటికి జీతంతో సంబంధం లేని నిధి విడిగా పెట్టాను. అది అయిపోతే ఆ ఏడాదికి మరి ప్రయాణం ఉండదని ఇంట్లో ముందే చెప్పాను. ఆ పద్దు ఇప్పుడు నెలనెలా నా భార్య చూస్తోంది.